నల్లమల దారి ఎవరి చేతిలో ఉండాలి?

రెండు రోజులు సెలవు దొరికితే చాలు, హైదరాబాద్ కుర్రకారు శ్రీశైలం రోడ్డు పడుతోంది. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే నల్లమల అడవి. ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం, ఫర్హాబాద్ పేర్లు ఇప్పుడు ఐటీ ఉద్యోగుల నోట్లో నానుతున్నాయి. భువనగిరి గుట్ట మీద రాళ్లెక్కడం నేర్చుకున్న మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన తర్వాత మన గుట్టల మీద మనకే గురి కుదిరింది. సంతోషమే. కానీ నల్లమలలో ట్రెక్కింగ్ పెరుగుతున్నకొద్దీ అక్కడి చెంచులకు దక్కేది రోజు కూలీయేనా అన్న ప్రశ్న నన్ను వదలడం లేదు.

మిత్రులతో కలిసి ఆ అడవిలో నడిచినప్పుడు మా ముందు ఒక చెంచు యువకుడు ఉన్నాడు. ఒక మలుపు దగ్గర చెయ్యెత్తి మమ్మల్ని ఆపాడు. పక్కనే పుట్ట తవ్వి ఉంది. మట్టి వేళ్లతో నలిపి చూసి, తడి ఆరలేదన్నాడు. ఎలుగు వచ్చి ఎంతోసేపు కాలేదు. అప్పటిదాకా మాటలు తగ్గించమన్న మనిషే ఇక గట్టిగా మాట్లాడుకుంటూ నడవమన్నాడు. చప్పుడు వింటే ఎలుగు తప్పుకుంటుంది, ఎదురుపడి బెదిరితేనే మీద పడుతుంది. ఏ ఫోన్ యాప్‌లోనూ దొరకని విద్య ఇది. మా దగ్గర డబ్బు వసూలు చేసిన నగరంలోని నిర్వాహకుడు ఆ యువకుడికి ఇచ్చింది మాత్రం ఒక రోజు కూలి.

చెన్నై దగ్గర కోవలంలో ఇదే సమస్యకు వేరే జవాబు దొరికింది. అక్కడి మత్స్యకారుడు మూర్తి మేగవాన్, వ్యాపారవేత్త అరుణ్ వాసు తోడ్పాటుతో 2012లో సర్ఫింగ్, అంటే బోర్డు మీద నిలబడి అలలపై జారే ఆట, నేర్పే స్కూలు పెట్టారు. వల వేసే ఇళ్ల పిల్లలు బోర్డు మీద నిలబడటం నేర్చుకున్నారు, తర్వాత ఊరికి వచ్చినవాళ్లకు నేర్పడం మొదలుపెట్టారు, పోటీలకూ వెళ్లారు. గాలి ఎటు తిరిగింది, ఏ అల ఎక్కడ విరుగుతుంది, నీటి లాగుడు ఎక్కడుంది అన్నది వాళ్లకు తాతల నాటి నుంచి తెలిసిన సంగతి. ఆ తెలివికే ఫీజు వచ్చింది. బయటి పెట్టుబడి సాయపడింది, గురువు స్థానం మాత్రం ఊరివాళ్లదే. నేను మెచ్చుకునేది దీన్నే.

సముద్రానికి చెక్‌పోస్టు లేదు, అడవికి ఉంది అని కొందరు అంటారు. నిజమే. నాగర్‌కర్నూలు, నల్లగొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఇష్టమొచ్చినట్టు తిరగడం కుదరదు, కుదరకూడదు కూడా. పులుల కోసం కేటాయించిన లోపలి అడవిలో, అంటే కోర్ ప్రాంతంలో, 20 శాతానికి మించిన విస్తీర్ణాన్ని పర్యాటకానికి వాడరాదని 2012 నాటి జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయితే ఈ హద్దే చెంచుల పక్షాన బలమైన వాదన. తక్కువ మందినే లోపలికి పంపాలంటే, వాళ్లను నడిపించేవాడికి అడవి క్షుణ్నంగా తెలిసుండాలి. ఏటా చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయలోకి ‘వస్తున్నం లింగమయ్యా’ అంటూ జనం వేలల్లో దిగుతారు. అక్కడ లింగమయ్యకు పూజ చేసేది చెంచులే. దేవుడి దగ్గర ఉన్న పెద్దరికం టూరిస్టు దగ్గర ఎందుకు ఉండకూడదు?

ఇంకో బాధ ఉంది. కోర్ ప్రాంతంలోని పెంటల (చెంచు గూడేల) నుంచి చెంచులను బయటికి తరలించే ప్రయత్నం ఏళ్లుగా సాగుతోంది. మరోవైపు అదే అడవి చుట్టూ విడిది, సఫారీ ప్యాకేజీలు. అడవిలో పుట్టినవాళ్లు బయట, చూసిపోయేవాళ్లు లోపల. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ ఒప్పుకోకుండా తరలింపు కుదరదు. అడవిని కాపాడుకునే హక్కు కూడా ఆ చట్టం గ్రామసభకే ఇచ్చింది.

అందుకే ట్రెక్కింగ్ దారులను పెంటల వారీగా చెంచు సంఘాలకు అప్పగించాలి. ఏ దారి ఏ నెలలో మూయాలో, రోజుకు ఎంతమందిని పంపాలో అటవీ శాఖతో కూర్చుని వాళ్లే తేల్చాలి. ఫీజు నేరుగా సంఘం ఖాతాలో పడాలి, నగరం నిర్వాహకుడు తన కమీషన్ అక్కడ అడిగి తీసుకోవాలి. తేనె కోసం కొండ అంచున తాడు కట్టుకుని దిగేవాళ్లకు తాళ్ల పని కొత్తగా నేర్పనక్కర్లేదు. ప్రథమ చికిత్స, గాయపడ్డవాళ్లను మోసుకురావడం, వైర్‌లెస్ వాడకం నేర్పితే చాలు. మన్ననూరులోని ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) తలచుకుంటే వచ్చే చైత్రానికి ముందే మొదటి జట్టును తయారు చేయొచ్చు.