అమ్మోనియా రక్తపరీక్ష మొదటి గంటలోనే జరగాలి

పుట్టినప్పుడు బిడ్డ బాగానే ఉంది. ఏడ్చింది, పాలు తాగింది. రెండో రోజుకో మూడో రోజుకో మగతగా పడిపోయి పాలు మానేసింది. ఆపైన వాంతులు, ఆయాసం, ఫిట్స్. ఇలాంటప్పుడు డాక్టర్లకు మొదట తట్టేది ఇన్ఫెక్షన్. చాలాసార్లు అదే నిజం కూడా. కాని యూరియా చక్రంలో లోపంతో పుట్టిన బిడ్డ అయితే, రక్తంలో క్రిములున్నాయేమో చెప్పే కల్చర్ రిపోర్టు కోసం చూసే ఆ గంటల్లోనే మెదడు వాచిపోతుంది.

ప్రొటీన్ అరిగాక మిగిలే అమ్మోనియా విషం. కాలేయం దాన్ని యూరియాగా మారుస్తుంది, అది మూత్రంలో బయటకు పోతుంది. కాలేయంలో ఈ మార్పు జరిగే క్రమమే యూరియా చక్రం. 1932లో హాన్స్ క్రెబ్స్, కర్ట్ హెన్సెలైట్ ఈ చక్రాన్ని వివరించారు. ఇందులోని ఆరు ఎంజైముల్లో ఏ ఒక్కటి పనిచేయకపోయినా అమ్మోనియా రక్తంలో పేరుకుంటుంది. గర్భంలో ఉన్నన్నాళ్లూ ఆ భారం తల్లి శరీరం మోస్తుంది కాబట్టి పుట్టగానే ఏమీ కనబడదు. సుమారు 35 వేల జననాలకు ఒకరిలో వచ్చే జబ్బు కదా, గుర్తుకు రాకపోవడంలో వింత లేదు.

అందుకే గుర్తుకు రావడం మీద ఆధారపడవద్దని మేము అంటున్నాం. కారణం తెలియకుండా మగతలోకి జారిన ప్రతి నవజాత శిశువుకూ ఇన్ఫెక్షన్ పరీక్షలతో పాటే అమ్మోనియా పరీక్ష కూడా పంపాలి. శాంపిల్‌ను ఐసులో పెట్టి వెంటనే ల్యాబ్‌కు చేర్చాలి, ఆలస్యమైతే అంకె తప్పుగా పెరుగుతుంది. ఈ చిక్కు వల్లే, ఎక్కువ వచ్చిన రిపోర్టును 'శాంపిల్ పాడైందిలే' అని పక్కన పడేసే ప్రమాదం ఉంది. అనుమానముంటే మళ్లీ రక్తం తీయాలి. అంకె నిజమని తేలితే ప్రొటీన్‌ను తాత్కాలికంగా ఆపి, సెలైన్‌లో గ్లూకోజు, సోడియం బెంజోయేట్, ఆర్జినిన్ వంటి మందులు మొదలుపెట్టాలి, అవసరమైతే డయాలసిస్ చేయాలి.

నవజాత శిశువుల స్క్రీనింగ్ ఉంది కదా అనుకోవద్దు. ఈ జబ్బుల్లో ఎక్కువగా కనిపించేది ఆ ఆరింటిలో ఒకటైన ఓటీసీ అనే ఎంజైము లోపం, అది ఆ స్క్రీనింగ్‌కు తరచూ చిక్కదు. ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా వచ్చే ఈ లోపం మగపిల్లల్లో తీవ్రంగా ఉంటుంది. తల్లి వైపు కుటుంబంలో మగశిశువులు కారణం తెలియకుండా పోయారా అని అడగాలి, నింద ధ్వనించకుండా.

2025లో ఫిలడెల్ఫియా డాక్టర్లు ఆ ఆరింటిలో మరొకటైన సీపీఎస్1 అనే ఎంజైము లోపమున్న ఒక పసివాడికి ప్రత్యేకంగా జన్యు సవరణ మందు తయారుచేసి ఇచ్చారు. ప్రపంచమంతా ఆ మందు గురించే మాట్లాడుకుంది. తొలి డోసు అందేసరికి ఆ బిడ్డకు ఆరు నెలలు దాటాయి. అన్నాళ్లు ఆగగలిగాడంటే, పుట్టిన తొలి రోజుల్లోనే ఎవరో అమ్మోనియా చూశారు కాబట్టే.