బీహార్‌లో చనిపోయింది 23 మందేనా?

2016 నుంచి 2021 దాకా ఆరేళ్లలో కల్తీ మద్యం తాగి బీహార్‌లో చనిపోయింది 23 మంది. ఇది జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) లెక్క. అదే కాలంలో మధ్యప్రదేశ్‌లో 1,322 మంది, కర్ణాటకలో 1,013 మంది, పంజాబ్‌లో 852 మంది పోయారు. బీహార్‌లో మద్య నిషేధం గెలిచిందని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

కాకపోతే 2021 నవంబర్‌లో, దీపావళి సమయంలో, గోపాల్‌గంజ్, పశ్చిమ చంపారన్ జిల్లాల్లోనే పదుల సంఖ్యలో చనిపోయారు. ఎన్‌సీఆర్‌బీ పుస్తకంలో ఆ ఏడాది బీహార్ మొత్తానికి ఉన్నది ఇద్దరు. మరుసటి ఏడాదికి ఆ అంకె 134 అయింది, దేశంలోనే మొదటి స్థానం. తాగుడు ఏడాదిలో అన్ని రెట్లు పెరగదు. 2022 డిసెంబర్‌లో సారణ్ జిల్లాలో జరిగింది దాచడానికి వీల్లేనంత పెద్ద ఘోరం, అంతే. అక్కడ కూడా ప్రభుత్వం 42 మంది అంటే, జాతీయ మానవ హక్కుల కమిషన్ 77 అని తేల్చింది.

2016 ఏప్రిల్‌లో నిషేధం వచ్చాక బీహార్‌లో తాగడమే నేరమైంది. పోయినవాడు తాగాడని ఒప్పుకుంటే కేసు ఎవరి మెడకు చుట్టుకుంటుందోనని ఇంటివాళ్లకు భయం. దాంతో పోస్ట్‌మార్టం లేకుండానే దహనం చేసేస్తారు, ఎవరైనా అడిగితే జబ్బు చేసిందంటారు. ఇంతకన్నా దారుణం ఇంకోటుంది. కల్తీ మద్యంలో ఉండే విషం మిథనాల్. అది ఒంట్లోకి వెళితే వాంతులు, కడుపునొప్పి, చూపు మసకబారడం మొదలవుతాయి. వెంటనే ఆస్పత్రికి చేరిస్తే విరుగుడు ఉంది. పోలీసులకు జడిసి ఇంట్లోనే పడుకున్నవాడికి ఆ అవకాశం పోతుంది. అంటే ఆ భయమే చావులను పెంచుతోంది, లెక్కలో మాత్రం తగ్గిస్తోంది. సారణ్ ఘటన తర్వాత ముఖ్యమంత్రి నితీశ్ కుమార్ తాగితే చస్తారని అసెంబ్లీ సాక్షిగా అన్నారు, పరిహారం కుదరదన్నారు. 2023 ఏప్రిల్‌లో మనసు మార్చుకుని 4 లక్షలు ప్రకటించారు. మనిషి మద్యం తాగే పోయాడని కుటుంబం రాసివ్వాలన్నది షరతు. నిజం చెప్పినందుకు శిక్ష పడుతుందని బెదిరిన జనానికి, చెబితే డబ్బొచ్చే రోజు అలా వచ్చింది.

తప్పంతా నిషేధానిదేనని అనలేం. తమిళనాడులో టాస్మాక్ పేరుతో ప్రభుత్వమే మద్యం అమ్ముతుంది. అయినా 2024 జూన్‌లో కళ్లకురిచిలో ప్యాకెట్ సారా 65 మందికి పైగా ప్రాణాలు తీసింది. క్వార్టర్ సీసా కొనలేని కూలీలకు నిషేధం ఉన్నా లేకపోయినా దొరికేది ఆ ప్యాకెట్టే.

మన దగ్గరికొద్దాం. 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లోని జంగారెడ్డిగూడెంలో వరుసగా మనుషులు పోతే ప్రతిపక్షం నాటుసారా అంది, ప్రభుత్వం సహజ మరణాలంది. నెలల తరబడి మాటల యుద్ధం చేయడం కన్నా మొదటి రోజునే పోస్ట్‌మార్టం చేయడం తేలిక. కానీ ఆ పని ఎవరికీ లాభం కాదు.

అసలు నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది తెలంగాణ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో తాగేవాళ్లు దేశవ్యాప్తంగా 19 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం. తెలంగాణలో 43 శాతం! పెద్ద రాష్ట్రాల్లో ఇంతమంది తాగేది ఇంకెక్కడా లేదు. వీళ్లు పోయేది ఎక్కువగా గుడుంబాతో కాదు. వైన్స్‌లో, బెల్టు షాపుల్లో కొన్న సీసాతో ఏళ్ల తరబడి లివర్ పాడై పోతారు. ఎన్‌సీఆర్‌బీ చూసేది కల్తీనే కాబట్టి ఆ చావులు దాని లెక్కలోకి రావు. మరణ ధ్రువీకరణలోనైనా దొరుకుతాయా అంటే, 2020లో దేశం మొత్తం మీద వైద్యులు కారణం ధ్రువీకరించినవి నమోదైన మరణాల్లో 22.5 శాతమే.

అందుకే ఏ రాష్ట్రం మెరుగు, ఏది అధ్వానం అని కల్తీ మద్యం పట్టిక పట్టుకుని తీర్పులివ్వడం దండగ. గాంధీ, ఉస్మానియా, ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రుల్లో మద్యం వల్ల లివర్ పాడై పోయినవాళ్లు ఏ జిల్లా నుంచి ఎంతమంది వచ్చారో రాష్ట్రం ఏటా బయటపెడితే చాలు. ఎక్సైజ్ శాఖ దగ్గర జిల్లాలవారీ అమ్మకాల లెక్క ఎలాగూ ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు.