రోకలిబండ కాటు వేయదు

తొలకరి పడగానే విజయవాడలో ఒక సందేశం ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. రోకలిబండ అనే పురుగు కాటు ప్రాణాంతకమట. దాని ద్రవం తగిలితే చూపు పోతుందట. నిద్రలో చెవిలో దూరి మెదడు తొలుస్తుందట. గాజు పెట్టెల్లో పెంచే వాళ్ల ఇళ్లనుంచి వీధంతా పాకుతుందట. కనిపిస్తే కిరోసిన్ పోయాలట. గుణదలలో మా ఇంట్లో వీటిని పెంచుతున్నాం. ఈ సందేశం చదివి పిల్లలను మా గడప తొక్కనివ్వని వాళ్లున్నారు. అందుకే ఈ జవాబు.

ముందు ఆ సందేశంతో పాటు తిరిగే ఫొటో సంగతి. అందులో ఉన్నది జెర్రి. ఒళ్లు బల్లపరుపుగా ఉంది, కణుపుకు ఒక్క జత చొప్పున కాళ్లు పక్కలకు చాచి ఉన్నాయి, చివరి జత తోకలా వెనక్కి సాగింది. మన గోడల మీద కనిపించే రోకలిబండ ఒళ్లు గుండ్రం. చాలా కణుపులకు రెండేసి జతల కాళ్లు, అవీ పొట్ట కిందే. జెర్రికి మొదటి జత కాళ్లే విషం ఎక్కించే గోళ్లుగా మారాయి, ఎందుకంటే అది వేటాడాలి. కుళ్లిన ఆకులు, పుచ్చిన కట్టె తినే రోకలిబండకు అలాంటి ఆయుధమే లేదు.

ద్రవం సంగతిలో మాత్రం కొంత నిజముంది. బెదిరిస్తే చాలా జాతులు ఒంటి పక్కల రంధ్రాలనుంచి ఘాటైన ద్రవం వదులుతాయి. చర్మం మీద గోధుమరంగు మరక పడుతుంది, మండవచ్చు. కంట్లో పడితే ఆలస్యం చేయకుండా నీళ్లతో బాగా కడిగి డాక్టరుకు చూపించాలి. మా ఇంట్లో ముట్టుకున్న ప్రతివాళ్లూ సబ్బుతో చేతులు కడుక్కోవాల్సిందే.

చెవిలోంచి మెదడుకు దారి లేదు, మధ్యలో కర్ణభేరి ఉంది.

ఇక వీధంతా పాకడం. విజయవాడ ఎండల్లో వీటిని బతికించుకోవడమే కష్టం! ఒంటి తేమను పట్టి ఉంచే మైనపు పొర వీటికి సరిగా ఉండదు, పొడి గచ్చు మీద త్వరగా ఎండిపోతాయి. మే నెలలో పెట్టెను కిటికీకి దూరంగా నేలమీద పెట్టి, మట్టిని ఒకవైపు తడిగా, ఒకవైపు కాస్త ఆరినట్టు ఉంచుతాం. పైన ఎండిన బాదం ఆకులు, కోడిగుడ్డు పెంకుల పొడి, అప్పుడప్పుడు దోసకాయ ముక్క. పొలం గట్ల ఆకులు తేము, పురుగుమందు అంటి ఉంటుందని భయం. కుబుసం విడిచేముందు ఇవి మట్టిలో గది చేసుకుని వారాల తరబడి కనిపించవు. చచ్చిపోయిందేమోనని తవ్వితే, మెత్తని కొత్త ఒంటితో ఉన్న జీవి నిజంగానే చస్తుంది. విడిచిన కుబుసాన్నీ అదే తినేస్తుంది, అందులోని సున్నం మళ్లీ పెంకుకు కావాలి.

ఆ సందేశంలో నిజంగా ప్రమాదకరమైనది కిరోసిన్ సలహా. పిల్లలు తిరిగే ఇంట్లో, పొయ్యి పక్కన కిరోసిన్ పోయమనడం ఎంత బాధ్యతారాహిత్యం! రోకలిబండ వంటింట్లోకి వస్తే చీపురుతో చేటలోకి తోసి చెట్టు మొదట్లో వదలండి. అది జెర్రి అయితే మాత్రం చెయ్యి పెట్టకండి.