మోకాలికి సర్వీసింగ్ అట!

ఇప్పుడే ఇంటికొచ్చాను. ఇంకా ఒళ్ళు మండుతోంది.

అమ్మకు అరవై నాలుగు. కింద కూర్చుంటే గోడ పట్టుకుని లేస్తుంది. మోకాళ్ళ నొప్పులని ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, కాలు ముట్టుకోకుండానే ఎమ్మారై రాశాడు. స్కానింగ్ దగ్గర మెట్టెలు తీయాలన్నారు. నలభై ఏళ్ళుగా వేళ్ళకు అతుక్కుపోయినవి! నర్సమ్మ సబ్బు రాసి లాగుతుంటే అమ్మ పళ్ళ బిగువున కూర్చుంది. మోకాలి నొప్పికని వెళ్ళి వేలి నొప్పి కొనుక్కొచ్చాం.

రిపోర్టులో మెనిస్కస్, అంటే మోకాల్లో ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి, చిరిగిందని వచ్చింది. ఇక చూడాలి ఆయన హుషారు! "చిన్న హోల్ పెట్టి లోపల క్లీన్ చేసేద్దాం, రేపే అడ్మిట్ అవ్వండి." క్లీన్ చేయడానికి అదేమన్నా వాటర్ ట్యాంకా?

అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్ళో యాభై దాటిన 991 మందికి ఎమ్మారై తీసి 2008లో లెక్క చెప్పారు. చిరుగు ఉన్నవాళ్ళలో 61 శాతం మందికి ఆ ముందు నెలంతా నొప్పే లేదట. జుట్టు నెరిసినట్టే ఇదీను. ఫిన్లాండ్ వాళ్ళ పని ఇంకా ముచ్చటగా ఉంటుంది. 146 మందికీ మోకాల్లో కెమెరా పెట్టి చూశారు. దాదాపు సగం మందికి చిరుగు కత్తిరించారు, మిగతావాళ్ళకు బ్లేడు లేని షేవర్‌ను చిప్ప మీద ఆనించి ఆపరేషన్ చేస్తున్నట్టు నటించారు! ఏడాది తర్వాత చూస్తే నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. 2013 నాటి మాట ఇది. మోకాలు నిజంగా లాక్ అయిపోతే అది వేరే సంగతి, అమ్మది అది కాదు.

ఇదే అడిగితే "గూగుల్ చూసొచ్చారా మేడం?" అని నవ్వాడు. "చూశాను సర్, మీరు చూడలేదా?" అనాల్సింది. నోరు పెగల్లేదు. ఆటోలో గుర్తొచ్చింది.

ఆ "రేపే అడ్మిట్" మాట నాకు కొత్త కాదు. 2015లో నాన్నకు మెట్లెక్కితే ఆయాసం అన్నాడని యాంజియోగ్రామ్ చేశారు. మనిషి ఇంకా టేబుల్ మీదే ఉన్నాడు, డాక్టర్ బయటికొచ్చి "గుండెలో టైం బాంబ్ ఉంది, సంతకం పెట్టండి" అన్నాడు. పెట్టక చస్తామా? అమ్మ గాజులు బ్యాంకుకెళ్ళాయి, నాన్న గుండె రక్తనాళంలోకి స్టెంట్, అంటే దాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం, వెళ్ళింది. నిలకడగా ఉన్న గుండెజబ్బుకు మందులతో పాటు స్టెంట్ వేసినా చావులూ హార్ట్ ఎటాకులూ తగ్గలేదని 2,287 మంది మీద చేసిన 'కరేజ్' అనే పరిశోధన 2007లోనే తేల్చింది. హార్ట్ ఎటాక్ వచ్చినవాడికి స్టెంట్ ప్రాణం పోస్తుంది, కాదనను. మా నాన్నకు రాలేదే!

2017 ఫిబ్రవరిలో కేంద్రం మందుపూత స్టెంట్‌కు 29,600 రూపాయలు, పన్నులు కాక, అని ధర కట్టింది. అంతకు రెండేళ్ళ ముందు మా బిల్లులో ఒక్క స్టెంటే లక్షా ఇరవై వేలు. మా బాబాయ్ మాత్రం ఇప్పటికీ "ఆ డాక్టర్ దేవుడమ్మా" అంటాడు. దేవుడే, హుండీ కూడా ఉంది కదా.

అమ్మ వేలికి కొబ్బరినూనె రాసుకుంటోంది. ఒక మెట్టె ఆ స్కానింగ్ సెంటర్లోనే పోయింది. ఫోన్ చేస్తే "రేపు రండి మేడం, చూద్దాం" అంటున్నారు.