తెలుసులే గారికి, రన్‌వే అంచు నుంచి

మహారాజశ్రీ తెలుసులే గారికి,

నమస్కారాలు. మీరు క్షేమమేనని అడక్కుండానే చెప్పగలను. దెబ్బలు మీకెప్పుడూ తగలవు, మిమ్మల్ని నమ్ముకున్నవాళ్ళకే తగులుతాయి.

మనది నిన్న మొన్నటి పరిచయం కాదు. మా ఇంట్లో మీరు తాతగారి కాలం నుంచి తిష్ఠ వేసుకొని ఉన్నారు. నాకు పదేళ్ళప్పుడు తెనాలిలో ఒక పెళ్ళికి వెళ్ళాం. మండపం ఎక్కడో రిక్షా అతన్ని అడుగుదామని అమ్మ అంటే "తెలుసులే" అన్నారు నాన్న. నాన్న నోటితో అన్నది మీరే. నేరుగా లోపలికి వెళ్ళాం, పన్నీరు చల్లించుకున్నాం, రెండో బంతిలో కూర్చున్నాం. బూరెలు వడ్డించాక గానీ పీటల మీదున్న పెళ్ళికూతురు మా వాళ్ళమ్మాయి కాదని అమ్మ కనిపెట్టలేదు. నాన్న బూరె పూర్తిగా తిని, చెయ్యి కడుక్కొని, చదివింపుల కవరు కూడా అక్కడే ఇచ్చి బయటపడ్డారు. కవరు మీద వేరే జంట పేర్లు ఉన్నాయి.

ఆ రోజు మీ ఖరీదు నూట పదహార్లు. తర్వాత నేను విమానం నడపడం నేర్చుకోవడానికి అమెరికా వెళ్ళాను. అక్కడ మీ రేటు బాగా ఎక్కువ.

పైలట్ అంటే అందరూ ఆకాశం వైపు చూస్తారు. ఆకాశంలో దారి తప్పితే ఆలోచించుకోవడానికి కాస్త టైముంటుంది. కొత్త ఎయిర్‌పోర్టులో నేల మీద దారి తప్పితే ఉండదు. అక్కడి రోడ్లకు పేర్లుండవు, అక్షరాలుంటాయి. ఆల్ఫా, బ్రావో, చార్లీ. ఒకటిలా కనబడుతుందని ఐ అక్షరాన్నీ, సున్నాలా కనబడుతుందని ఓ అక్షరాన్నీ వాడరు. అంత జాగ్రత్తగా పేర్లు పెట్టారు. నల్ల పలక మీద పసుపు అక్షరం ఉంటే నువ్వున్నది ఆ దారిలో. పసుపు పలక మీద నల్ల అక్షరం, బాణం ఉంటే అటు వెళ్తే ఆ దారి వస్తుంది. ఎర్ర పలక మీద తెల్ల అంకెలుంటే ఎదురుగా ఉన్నది రన్‌వే. ఆ పలక దగ్గరే నేల మీద అడ్డంగా నాలుగు పసుపు గీతలుంటాయి, రెండు నిండు గీతలు, రెండు తెగిన గీతలు. నిండు గీతలు నీ వైపుంటే, టవర్‌లో కూర్చొని విమానాలకు దారి చెప్పే కంట్రోలర్ అనుమతి లేకుండా చక్రం కదపకూడదు. తెగిన గీతలు నీ వైపుంటే నువ్వు రన్‌వే మీదే ఉన్నావు, ఆలస్యం చెయ్యకుండా గీతలన్నీ దాటి బయటికి రావాలి.

ఇంతే. పలకా బలపం పట్టిన పిల్లాడికి కూడా పది నిమిషాల్లో వచ్చేస్తుంది. ఇంత సులువు కాబట్టే మీకు అక్కడ పని దొరుకుతుంది. కష్టమైన చోట మనిషి భయపడి పక్కవాణ్ణి అడుగుతాడు కదా.

టెక్సాస్‌లో ఒక ఊరు. పేరు చెప్పను, తప్పు ఊరిది కాదు. నాకు అప్పటికి నలభై గంటల అనుభవం. ఒక్కణ్ణే చిన్న సెస్నాలో వచ్చి దిగాను, పెట్రోలు పోయించుకున్నాను, తిరుగు ప్రయాణానికి గ్రౌండ్ కంట్రోలర్‌ని పిలిచాను. ఆయన ఊపిరి తీసుకోకుండా చెప్పాడు. రన్‌వే 17కి వెళ్ళాలి, బ్రావో మీదుగా చార్లీ, మధ్యలో రన్‌వే 13 దగ్గర ఆగాలి. నేను అక్షరం పొల్లు పోకుండా తిరిగి అప్పజెప్పాను. చిన్నప్పటి నుంచి ఎక్కాలు, శతక పద్యాలు బట్టీ పట్టి అప్పజెప్పిన నోరు నాది. ఆ నోటికీ బుర్రకీ మధ్య ఏ రోజూ దారి వెయ్యలేదన్నది వేరే సంగతి.

సరిగ్గా అప్పుడే మీరు పక్క సీట్లోకి వచ్చి కూర్చున్నారు. బెల్టు కూడా పెట్టుకోలేదు.

"ఇంకోసారి అడగనా?" అనుకున్నాను. "అడిగితే కుర్రాడికి ఇంగ్లీషు రాదనుకుంటారు" అన్నారు మీరు. ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మా వాళ్ళ మీద మీరు వాడే అసలు ఆయుధం ఇదే. కొత్త దేశం, కొత్త యాస. రేడియో మీద మాట్లాడేది ఆ ఫ్రీక్వెన్సీలో ఉన్న ప్రతి పైలట్‌కీ వినబడుతుంది. గుంటూరు ఇంగ్లీషులో "సే ఎగైన్" అంటే ఎవరైనా నవ్వుతారేమోనన్న బెరుకు. టోఫెల్‌లో వచ్చిన మార్కులు గుర్తు చేసుకొని ధైర్యం తెచ్చుకుంటాం కానీ, ఆ రెండు ముక్కలు మాత్రం పెదవి దాటి రావు.

దానికి తోడు మీటరు. ఇంజన్ తిరిగినంత సేపూ అద్దె పడుతుంది. గంటలో పదో వంతు, అంటే ఆరు నిమిషాలకు ఒక అంకె మారుతుంది. నాన్న పొలం తాకట్టు పెట్టి కట్టిన డబ్బు కళ్ళ ముందే ఆటో మీటర్‌లా తిరుగుతుంటే, ఆగి మ్యాపు తీసి చూద్దామని ఎవరికనిపిస్తుంది? మ్యాపు బ్యాగులో ఉంది. బ్యాగు వెనక సీట్లో ఉంది. "ఎందుకు, తెలుసులే" అన్నారు మీరు.

కదిలాను. బ్రావో ఒక చోట రెండుగా చీలింది. రెండు పలకల్లో నాకు కావలసిన అక్షరం ఏదో ఒకటి ఉంటుందన్న నమ్మకంతో కొంచెం పెద్దగా కనిపించిన దారి పట్టాను. పట్టి, టైము వృథా కాకూడదని తల వంచి చెక్‌లిస్ట్ చదవడం మొదలుపెట్టాను. విమానం నడుస్తుండగా తల దించి చదవకూడదని మొదటి వారంలోనే నేర్పారు. అది కూడా నాకు తెలుసు.

రేడియోలో నా విమానం నంబరు, వెంటనే "స్టాప్" వినబడ్డాయి. కాళ్ళు వాటంతటవే బ్రేకు తొక్కాయి. తలెత్తితే ఎడమ పక్కన ఎర్ర పలక, కింద పసుపు గీతలు. ముందు చక్రం మొదటి నిండు గీత మీద ఉంది. ప్రొపెల్లర్ దాన్ని దాటి తిరుగుతోంది. ఆ క్షణంలోనే ఒక రెండింజన్ల విమానం దిగుతూ నా ముందు నుంచి ఎడమ నుంచి కుడికి దూసుకుపోయింది. దాని టైర్ల పొగ కనబడింది.

తర్వాత కంట్రోలర్ చాలా మర్యాదగా, పైలట్ డీవియేషన్, అంటే పైలట్ నియమం తప్పడం, జరిగి ఉండొచ్చు, ఫోన్ నంబర్ ఇస్తాను రాసుకోండి అన్నాడు. పైలట్లు కలలో కూడా వినడానికి ఇష్టపడని మాట అది. మోకాలికి కట్టుకున్న ప్యాడ్ మీద ఒక్కో అంకే గుండ్రంగా, ముత్యాల్లా రాశాను. ఆ రోజు మొత్తం మీద నేను కాగితం మీద పెట్టినది ఆ నంబరొక్కటే.

ఫోన్‌లో ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "ఇక్కడికి మొదటిసారా? మరి చెప్పలేదేం?" అన్నాడంతే. నేను స్టూడెంట్ పైలట్‌ని, ఈ ఎయిర్‌పోర్టుకు కొత్త అని మొదటి పిలుపులోనే చెబితే ప్రోగ్రెసివ్ టాక్సీ ఇచ్చేవాడు. టాక్సీ అంటే విమానం నేల మీద నడవడం. ప్రోగ్రెసివ్ అంటే, ఇప్పుడు కుడికి తిరుగు, ఇక్కడ ఆగు, ఇప్పుడు ఎడమకు అని చెయ్యి పట్టుకొని నడిపించినట్టు మలుపు మలుపుకీ చెబుతారు. పైసా ఖర్చు లేదు. అధికారులు నన్ను అదనపు శిక్షణతో వదిలేశారు.

ఆ రాత్రి బ్యాగులోంచి మ్యాపు తీశాను. నేను తప్పు తిరిగిన మలుపు చుట్టూ గీత గీసి "హాట్‌స్పాట్" అని అచ్చు వేసే ఉంది. అంటే నాకంటే ముందే మీరు అక్కడికి చాలామందిని వెంటబెట్టుకొచ్చారన్నమాట.

నలభై గంటల కుర్రాళ్ళ దగ్గరే మీ ఆటలు సాగుతాయనుకునేవాణ్ణి. చదివితే తెలిసింది మీ స్థాయి. ఇక్కడ కాసేపు నవ్వు పక్కన పెడతాను.

1977 మార్చి 27, టెనెరిఫే దీవిలోని లాస్ రోడియోస్ ఎయిర్‌పోర్టు. వేరే దీవిలో బాంబు పేలడంతో దారి మళ్ళించిన రెండు జంబో జెట్లు, ఎవరికీ పెద్దగా అలవాటు లేని ఆ చోట పొగమంచులో ఒకే రన్‌వే మీదున్నాయి. అందులో ఒకటైన పాన్‌యామ్ కంపెనీ విమానం వాళ్ళు ఏ దారిలో బయటికెళ్ళాలో వెతుక్కుంటున్నారు, ఆ దారులకు బోర్డుల్లేవు. రెండో చివర ఉన్న కేఎల్‌ఎమ్ కంపెనీ విమానం అనుమతి రాకుండానే పరుగు మొదలుపెట్టింది. అప్పుడు అందులోని ఫ్లైట్ ఇంజినీర్ అడిగాడు, పాన్‌యామ్ ఇంకా రన్‌వే మీంచి తప్పుకోలేదా అని. తప్పుకున్నాడు అని గట్టిగా జవాబొచ్చింది. ఆ జవాబు ఏ భాషలో చెప్పినా నాకు మీ గొంతే వినిపిస్తుంది. 583 మంది పోయారు.

2001 అక్టోబర్ 8, మిలాన్‌లోని లినాటే. మళ్ళీ పొగమంచే. ఒక చిన్న సెస్నా జెట్ ఆర్5 దారిలో వెళ్ళాల్సింది ఆర్6 లోకి మళ్ళింది. పైలట్ తాను ఎస్4 దగ్గరికొచ్చానని చెప్పాడు కూడా. నేల మీద ఆ గుర్తు ఉంది కానీ కంట్రోలర్ల మ్యాపుల్లో లేదు. ఆ ఎస్4 ఏంటి, ఎక్కడ అని ఎవరూ నిలదీయలేదు. గ్రౌండ్ రాడార్ పని చేయడం లేదు. ఆ జెట్, టేకాఫ్ తీసుకుంటున్న ప్రయాణికుల విమానానికి అడ్డుగా రన్‌వే మీదికి వెళ్ళింది. 118 మంది.

2024 జనవరి 2, టోక్యోలోని హనేదా. కోస్ట్‌గార్డ్ విమానానికి బయలుదేరే వరసలో నువ్వే మొదటివాడివి, గీత దగ్గరికి వచ్చి ఉండు అని చెప్పారు. కెప్టెన్ దాన్ని రన్‌వే మీదికి రమ్మన్నట్టు అర్థం చేసుకున్నాడు. దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం దాన్ని ఢీకొట్టింది. అందులో ఉన్న 379 మందీ మంటల్లోంచి బయటపడ్డారు. కోస్ట్‌గార్డ్ విమానంలోని ఆరుగురిలో అయిదుగురు బయటపడలేదు.

వీటన్నిటికీ మీరొక్కరే కారణం అనను. మంచు ఉంది, చెడిపోయిన రాడార్ ఉంది, వెలగని ఎర్ర దీపాలు ఉన్నాయి, చెరిగిపోయిన రంగు ఉంది. కానీ అడగాల్సిన చోట అడగనివ్వకపోవడం మాత్రం మీ శాఖే.

పోనీ అలవాటైన చోట మీరు రారా అంటే అదీ లేదు. 2023 జనవరి 13న న్యూయార్క్ జేఎఫ్‌కే ఎయిర్‌పోర్టులో, ఆ కంపెనీ విమానాలు రోజూ తిరిగే దారుల్లోనే, ఒక పెద్ద అమెరికన్ ఎయిర్‌లైన్స్ విమానం దాటమన్న రన్‌వే వదిలేసి వేరే రన్‌వే దాటింది. అదే రన్‌వే మీద డెల్టా విమానం టేకాఫ్ పరుగులో ఉంది. కంట్రోలర్ అరవడంతో అది ఆగగలిగింది, అందరూ ఇళ్ళకు వెళ్ళారు.

మీ ఒక్కరి కోసం ప్రభుత్వాలు ఎన్ని తిప్పలు పడుతున్నాయో చూడండి. ఫలానా రన్‌వేకి టాక్సీ చెయ్యి అంటే దారిలో అడ్డొచ్చిన మిగతా రన్‌వేలు దాటొచ్చని అమెరికాలో పాత లెక్క. 2010లో అది తీసేశారు, ఇప్పుడు ప్రతి రన్‌వేకీ విడిగా అనుమతి కావాలి. గీతల పక్కన ఒకదాని తర్వాత ఒకటి కన్ను గీటే పసుపు దీపాల జంట పెట్టారు. కొన్ని చోట్ల దారికి అడ్డంగా ఎర్ర దీపాల వరస పెట్టారు. ఇంత హంగామా ముఖ్యమంత్రి కాన్వాయ్‌కి కూడా ఉండదు. మీరు మాత్రం దీపాల కింద నుంచే నడిచి వచ్చేస్తారు.

అసలు విషయానికి వస్తాను. ఇప్పుడు నేను ఇన్‌స్ట్రక్టర్‌ని. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో తెలుగువాళ్ళు కొందరుంటారు. ఏలూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చి, "సార్, అర్థమైంది సార్" అని మొదలుపెడతారు. వాళ్ళ భుజం మీంచి మీరు తొంగి చూస్తుండటం నాకు కనబడుతూనే ఉంటుంది.

పోయిన శనివారం ఒక అమ్మాయితో కొత్త ఎయిర్‌పోర్టుకు వెళ్ళాను. బయలుదేరే ముందు మ్యాపు మీద హాట్‌స్పాట్లు వేలితో చూపించమన్నాను, చూపించింది. దిగి రన్‌వే వదిలి, గీతలు పూర్తిగా దాటాక ఆపింది. గ్రౌండ్ కంట్రోలర్ నాలుగు అక్షరాల దారి ఒక్క గుక్కలో చెప్పాడు. తను రాసుకుంటోంది. రెండో అక్షరం దగ్గర పెన్ను ఆగింది. నా వైపు చూసింది. నేను కిటికీలోంచి గడ్డి చూస్తూ కూర్చున్నాను. వెనక సీట్లో మీరు గొంతు సవరించుకున్నారు.

తను బటన్ నొక్కి, "సే ఎగైన్, స్టూడెంట్ పైలట్, అన్‌ఫెమిలియర్, రిక్వెస్ట్ ప్రోగ్రెసివ్ టాక్సీ" అంది. అచ్చమైన కరీంనగర్ యాసలో. ఎవరూ నవ్వలేదు. "వెల్‌కమ్, నెక్స్ట్ రైట్" అన్నాడు కంట్రోలర్.

మేం కుడికి తిరిగాం. మీరు అక్కడే గీతల దగ్గర దిగిపోయారనుకుంటాను. నిలబడి ఉంటే దారి ఎవరినైనా అడిగి ఇంటికి వెళ్ళండి.

ఇట్లు,
ఊరికి కొత్త

తా.క.: నిన్న నాన్న ఫోన్ చేశారు. వచ్చే నెల తెనాలిలోనే ఇంకో పెళ్ళట. మండపం లొకేషన్ వాట్సాప్‌లో పంపాను. చూశారా అంటే, "ఆ మండపం నాకు తెలుసులే" అన్నారు. వాళ్ళ బూరెలు బాగుంటాయట.