/యూఎస్ఆర్ ఆప్ట్‌ది, అందులో చెయ్యి పెట్టకండి

డెబియన్ లైనక్స్‌లో ప్యాకేజీలు వేసే టూల్ ఆప్ట్, వాటి ఫైళ్లని అది పెట్టే చోటు /యూఎస్ఆర్. ప్రోగ్రాంని సోర్స్ కోడ్ నుంచి మనమే బిల్డ్ చేసుకోవడం తప్పు కాదు. ఉదాహరణకి కర్ల్ అనే డౌన్‌లోడ్ టూల్: డెబియన్ 12లో ఉన్నది 7.88.1. మీకు కావలసిన ఫీచర్ 8.11.0లోనే ఉంటే ముందు బ్యాక్‌పోర్ట్స్ (స్టేబుల్ డెబియన్ కోసం కొత్త వెర్షన్లు ఉంచే రిపాజిటరీ) చూడండి, అక్కడా సరిపడనిది ఉంటే బిల్డ్ చేసుకోండి. పెట్టే చోటు దగ్గరే జనం దెబ్బతింటున్నారు.

"--ప్రిఫిక్స్=/యూఎస్ఆర్ ఇచ్చి సుడో మేక్ ఇన్‌స్టాల్ కొట్టండి" అని, అంటే బిల్డ్ చేసినదాన్ని నేరుగా /యూఎస్ఆర్‌లో పెట్టమని నేర్పే వీడియోలు చూస్తే ఒళ్లు మండుతుంది. ఆప్ట్ పెట్టిన ప్రతి ఫైలూ ఏ ప్యాకేజీదో డీపీకేజీ (ఆప్ట్ కింద పనిచేసే టూల్) దగ్గర లెక్క ఉంటుంది. దాని మీద మీ ఫైలు పడిన సంగతి ఆ లెక్కలోకి ఎక్కదు. రేపు సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చి, చెప్పాపెట్టకుండా మీ ఫైలుని తిరగరాస్తుంది. ఇక సగం మీవి, సగం దానివి.

మన బిల్డ్‌ల కోసమే /యూఎస్ఆర్/లోకల్ ఉంది. డెబియన్ పాలసీ ప్రకారం ప్యాకేజీలు అందులో ఫైళ్లు పెట్టకూడదు. ఆటోకాన్ఫ్, సీమేక్, మెసాన్ అనే బిల్డ్ టూల్స్ మూడూ మనం ఏమీ చెప్పకపోతే అక్కడే ఇన్‌స్టాల్ చేస్తాయి. ఒక్క ప్రోగ్రాం వరకైతే ఇది చాలు.

లైబ్రరీ వచ్చిందంటే మాత్రం చాలదు, దీని గురించి ఎవరూ చెప్పరు. మామూలు పీసీల (ఏఎండీ64) డెబియన్‌లో లోడర్, అంటే ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు దాని లైబ్రరీలు తెచ్చేది, /యూఎస్ఆర్/లోకల్/లిబ్‌ని సిస్టమ్ లైబ్రరీల కంటే ముందు వెతుకుతుంది. కర్ల్ లైబ్రరీ పేరు లిబ్‌కర్ల్, దాని 7కీ 8కీ ఫైలు పేరు ఒకటే: లిబ్‌కర్ల్.ఎస్ఓ.4. మీరు ఎల్‌డీకాన్ఫిగ్ (లోడర్ చూసే లైబ్రరీల జాబితాని తాజా చేసే కమాండ్) కొట్టగానే ఆప్ట్ పెట్టిన కర్ల్, సీమేక్, పీహెచ్‌పీ కర్ల్ ఎక్స్‌టెన్షన్ అన్నీ మీ లైబ్రరీనే ఎత్తుకుంటాయి. "నో వెర్షన్ ఇన్ఫర్మేషన్ అవైలబుల్" అన్న హెచ్చరిక కనబడితే కారణం ఇదే: డెబియన్ తన లిబ్‌కర్ల్ సింబల్స్‌కి (ఫంక్షన్ల పేర్లకి) వెర్షన్ ముద్ర వేస్తుంది, మామూలు బిల్డ్‌లో అది ఉండదు. హెచ్‌టీటీపీ/2 లేకుండా బిల్డ్ చేశారా, ఆ ప్రోగ్రాంలన్నిటికీ అది పోయినట్టే. ఎల్‌డీడీ /యూఎస్ఆర్/బిన్/కర్ల్ అని కొట్టి, లిబ్‌కర్ల్ ఏ దారి నుంచి వస్తోందో చూడండి.

అందుకే లైబ్రరీతో వచ్చేదాన్ని విడిగా పెట్టాలి. బిల్డ్-ఎసెన్షియల్, పీకేజీ-కాన్ఫిగ్, లిబ్‌ఎస్ఎస్ఎల్-డెవ్, లిబ్‌పీఎస్ఎల్-డెవ్, లిబ్‌ఎన్‌జీహెచ్‌టీటీపీ2-డెవ్ వేసుకుని, --ప్రిఫిక్స్=/ఆప్ట్/కర్ల్-8.11.0 --విత్-ఓపెన్ఎస్ఎస్ఎల్ అని కాన్ఫిగర్ చేసి, మేక్, సుడో మేక్ ఇన్‌స్టాల్ కొట్టండి (ఈ ఆప్ట్ ఓ-పీ-టీ, డైరెక్టరీ పేరు; ప్యాకేజీలు వేసే ఆప్ట్, అంటే ఏ-పీ-టీతో సంబంధం లేదు). కర్ల్ బిల్డ్‌లో భాగమైన లిబ్‌టూల్ ఆ లైబ్రరీ దారిని బైనరీలోనే రాసిపెడుతుంది. సీమేక్‌తో చేసే ప్రాజెక్టులైతే ఇన్‌స్టాల్ వేళ ఆ దారిని తీసేస్తాయి, సీమేక్_ఇన్‌స్టాల్_ఆర్‌పాత్ మీరే ఇవ్వాలి. తర్వాత /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లో ఆ కర్ల్‌ని చూపే ఒక్క సిమ్‌లింక్ (షార్ట్‌కట్ లాంటిది) చాలు. అప్పటికే తెరిచి ఉన్న టెర్మినల్‌లో పాత కర్ల్ వస్తోందంటే బాష్ (టెర్మినల్‌లో మన కమాండ్‌లు అందుకునే షెల్) పాత దారిని గుర్తుపెట్టుకుంది, హ్యాష్ -ఆర్ కొట్టండి. వద్దనుకున్న రోజు ఆ డైరెక్టరీ, ఆ లింకు తీసేస్తే జాడ ఉండదు. మేక్ అన్‌ఇన్‌స్టాల్ చాలా ప్రాజెక్టుల్లో ఉండనే ఉండదు కాబట్టి ఈ సుఖం చిన్నది కాదు.

పైథాన్ విషయంలో ఇంకా జాగ్రత్త. /యూఎస్ఆర్/బిన్/పైథాన్3 లింకుని మీ వెర్షన్‌కి తిప్పకండి, సిస్టమ్ టూల్స్ చాలా దాని మీదే నడుస్తాయి. మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్ వాడండి, అది పైథాన్3 అనే పేరు జోలికి పోదు. మాడ్యూల్స్‌కి వెన్వ్ (ప్రాజెక్టుకి విడిగా పెట్టుకునే పైథాన్ డైరెక్టరీ) వాడండి. మాడ్యూల్స్ వేసే పిప్‌లో --బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్ అన్న ఆప్షన్‌కి ఆ పేరు ఊరికే పెట్టలేదు.

ఇప్పటికే /యూఎస్ఆర్ కలగాపులగం అయిపోయిందా? సుడో డీపీకేజీ --వెరిఫై నడపండి, మారిపోయిన ఫైళ్ల జాబితా ఇస్తుంది. ఒక్కొక్కటీ ఏ ప్యాకేజీదో డీపీకేజీ -ఎస్‌తో తెలుసుకుని (అక్కడ ఎస్ పెద్దక్షరం), ఆప్ట్ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్‌తో అసలు ఫైలు తిరిగి తెచ్చుకోండి.