వంద కేసులున్న బామ్మర్ది

ఆదివారం పొద్దున ఏడున్నరకు ఫోన్ మోగిందంటే అది డాలస్ నుంచి మా బామ్మర్దే. అక్కడ వాడికి శనివారం రాత్రి తొమ్మిది. భోజనం చేసి గ్యారేజీలో కూర్చుంటాడు, ఇక వినేవాడొకడు కావాలి. నేను బాల్కనీలో చాయ్ గ్లాసు ఒక చేత, పేపర్ ఒక చేత పట్టుకొని ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టాను. ఆ రోజు నేను చేసిన మొదటి తప్పు అదే.

"బావా, వంద కేసులు బావా! అన్నీ కొత్తయే. ఒకదానికొకటి పొంతన లేదు."

పక్క బాల్కనీలో సార్ పేపర్ కిందికి దించారు. ఆయన కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరయ్యారు. కేసు అనే మాట చెవిన పడి ఎన్నాళ్లయిందో ఏమో, మొహంలో ఒక కళ వచ్చింది.

"పాతయైతే సాగినయి అనుకోవచ్చు బావా. ఒక్కో ఫైరింగ్‌కు ఇంత సాగుతయి. వీటికి ఇంకా ఫైరింగే కాలేదు!"

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ పెట్టుకున్నారు.

ఇక్కడ విషయం చెప్పాలి. మావాడికి అక్కడ రేంజ్‌లో రైఫిల్ షూటింగ్ పిచ్చి పట్టింది. తూటా కాల్చాక మిగిలే ఇత్తడి గొట్టాన్ని పారేయకుండా, అచ్చులో నొక్కి మళ్లీ సైజు చేసి, కొత్త ప్రైమర్ (మందుకు నిప్పంటించే చిన్న బిళ్ల), మందు, బుల్లెట్ ఎక్కించి వాడుకుంటారు. కొందరు కొత్త ఖాళీ గొట్టాలే కొని మొదలుపెడతారు. దాన్ని హ్యాండ్‌లోడింగ్ అంటారు, ఆ గొట్టాన్ని కేసు అంటారు. మన దగ్గర లైసెన్సు లేకుండా ఆ పని చేస్తే 1959 ఆయుధాల చట్టం కింద రెండో రకం కేసు అవుతుంది. వాడికి అక్కడ అది మనం ఇంట్లో సైకిల్ పంక్చర్ వేసుకున్నంత మామూలు.

వాడు కొన్నవి .308 వించెస్టర్ అనే రకం రైఫిల్ తూటా కేసులు. డబ్బా విప్పగానే వెర్నియర్ పెట్టి కొలిచాడట. ఒకటి 2.003 అంగుళాలు, ఇంకొకటి 2.007, మరొకటి 2.011. అంటే ఎక్కువకూ తక్కువకూ మధ్య ఎనిమిది థౌ. మా ములుగు రోడ్డు పారిశ్రామికవాడలో లేత్ మీద పని చేసేవాళ్లకు థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెప్తున్నా: వడ్రంగి మేస్త్రి "ఒక సూత్ తగ్గింది" అంటాడు చూడండి, ఆ ఒక్క సూత్‌లో 125 థౌలుంటాయి. మావాడు గుండెలు బాదుకుంటున్న తేడా సూత్‌లో పదహారో వంతు.

అయినా నేను తేలిగ్గా తీసుకోలేదు. ఇరవై రెండేళ్లుగా బోరు మోటార్ల షాఫ్టులు, రైస్ మిల్లు బుష్‌లు తిప్పుతున్నవాణ్ని, అమెరికా నుంచి ఒకడు కొలతల గురించి సలహా అడుగుతున్నాడు. ఛాతీ కొంచెం పొంగింది, అబద్ధమెందుకు.

"అన్నిట్ల పొట్టిది ఏది?"

"2.003 బావా."

"మిగతా తొంభై తొమ్మిదిని మూతి కాడ కోసి దాని పొడవుకు కొట్టెయ్. లెవెలైతది."

"అంతేనా?"

"అంతే. ఏముంది దాంట్ల."

ఫోన్ పెట్టేశాక సార్ మెల్లగా గోడ దగ్గరికి వచ్చారు. "ఏమయ్యా, బామ్మర్ది మంచోడే అనుకున్న. వంద కేసులా? ఫైరింగ్ కూడనా?" అన్నారు. నేను ఇత్తడి, గొట్టం, సైజు అంటూ వివరించబోయాను. ఇత్తడి అనగానే లోపలి నుంచి మా ఆవిడ "పెంబర్తికి పోతున్నవా? నాకు దీపం కుందులు కావాలె" అని కేకేసింది. ఇద్దరికీ ఒకేసారి జవాబు చెప్పేసరికి ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. సార్ మాత్రం "భయపడకు, మంచి వకీలు నాకు తెలుసు" అని భుజం తట్టి వెళ్లిపోయారు.

పదకొండింటికి మా ఆవిడ చేతికో సంచి ఇచ్చి గల్లీ చివర టైలర్ దగ్గరికి పంపింది. బ్లౌజు గుడ్డ, లైనింగు, కొలతకు పాత బ్లౌజు. ఇచ్చేటప్పుడు ఏదో చెప్పింది కూడా, నేను ఊఁ కొట్టాను.

టైలర్ లైనింగును రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు. "తడిపిన్రా?"

"కొత్తదే అన్నా, ఇప్పుడే కొన్నది."

"కొత్తదైతేనే తడపాలె సార్. పాతదైతే నేనెందుకు అడుగుత? తడపకుంట కత్తిరిస్తే మొదటి ఉతుకుకే దగ్గరికొస్తది. అప్పుడు అక్క నన్ను తిడతది, మిమ్మల్ని కాదు."

(నన్ను కూడా తిడుతుంది. అతనికి ఆ సంగతి తెలియదు.)

సంచి వెనక్కి తీసుకొని రెండడుగులు వేశానో లేదో, కాళ్లు ఆగిపోయాయి. కొత్త కేసులను కూడా డబ్బాలోంచి తీసినవి తీసినట్టు వాడరు కదా! దార్లో ఒకదానికొకటి తగిలి మూతులు సొట్టలు పోయి ఉంటాయని, ముందు సైజింగ్ డైలో, అంటే సైజుకు తెచ్చే అచ్చులో నొక్కాలని మావాడే పోయిన నెల చెప్పాడు. నూనె రాయకుండా నొక్కితే కేసు డైలో ఇరుక్కుపోతుందని కూడా చెప్పి, ఒకటి ఇరికించుకున్న కథ గంటసేపు వినిపించాడు. డైలో నొక్కితే ఇత్తడి పొడవు మారుతుంది, అన్నీ ఒకేలా మారవు. అంటే సైజు చేశాక కొలవాలి, ఆ తర్వాతే కొట్టాలి. నేనేమో తడపని లైనింగును కత్తిరించమన్నాను.

అక్కడే, కిరాణా దుకాణం ముందు ఉల్లిగడ్డల బస్తా పక్కన నిలబడి ఫోన్ చేశాను. అక్కడ రాత్రి పన్నెండున్నర. మొదటి రింగుకే ఎత్తాడు. వెనక నుంచి కేసు మూతి కోసే, చేత్తో తిప్పే ట్రిమ్మర్ చప్పుడు, కిర్రు కిర్రుమని.

"ఆపురా! ఎన్నైనయి?"

"తొంభై ఆరు బావా. ఒక్కోదానికి రెండు నిమిషాలు పడుతున్నది. కొట్టుడు, కోసిన అంచుకు లోపల బర్ తీసుడు, బయట బర్ తీసుడు, గరుకు పోయేదాకా. చెయ్యి వాచింది."

విషయం చెప్పాను. అటువైపు చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత, "మూడే ఉన్నయి కదా బావా, అవి కూడా కొట్టేస్త" అన్నాడు. మా అత్తగారింటి వాళ్ల పట్టుదల అలాంటిది.

సాయంత్రం ఆరింటికి వాడే చేశాడు. సైజు చేసి కొలిస్తే మళ్లీ 2.003 నుంచి 2.008 దాకా వచ్చాయట. అంతటితో ఊరుకోకుండా పుస్తకం తీశాడట. అందులో .308కి గరిష్ఠ పొడవు 2.015 అని ఉంది. దాన్ని దాటితేనే ప్రమాదం: కేసు మూతి ఛాంబర్ (తుపాకీలో తూటా కూర్చునే గూడు) చివర తగిలి బుల్లెట్‌ను నొక్కి పట్టుకుంటుంది, ప్రెషర్ పెరిగిపోతుంది. కొంచెం పొట్టిగా ఉంటే పెద్దగా ఏమీ కాదు. వాడి వందలో ఒక్కటి కూడా మొదటి నుంచీ ఆ గీత దాటలేదు.

"నువ్వు గరిష్ఠం ఎంతని అడగలేదేంది బావా?"

మా షాపులో కుర్రాడు డ్రాయింగ్‌లో టాలరెన్స్, అంటే ఎంత తేడా చెల్లుతుందో చూడకుండా లేత్ మీద చెయ్యి వేస్తే నేను ఏమంటానో ఇక్కడ రాయలేను. అందుకని "సిగ్నల్ సరిగ్గా లేదురా" అని ఫోన్ పెట్టేశాను.

లైనింగు బక్కెట్లో నానుతోంది. బాల్కనీలో ఆరేయడానికి తీగ కడుతుంటే సార్ మళ్లీ వచ్చారు.

"ఏమయ్యా, కేసులేమైనయి?"

"అన్నీ కొట్టేసిండు సార్."

"వందకు వందనా?"

"ఒక్కటి తక్కువ."

సార్ నోరు తెరిచి, వాకిలి వైపు చూసి, మళ్లీ నా వైపు చూశారు. "ఆదివారం పూట ఏ కోర్టయ్యా అది?"